గడియారంలోకి వచ్చిన మాట

వరంగల్,
బుధవారం

ప్రియమైన లావణ్యకు,

నాన్న ఆశీస్సులు. ఇక్కడ అందరం బాగున్నాం. పరీక్ష అయ్యేదాకా మీ కోచింగ్ హాస్టల్లో ఫోన్లకు తాళం వేశారు కాబట్టి నేను మళ్లీ కలం పట్టాల్సి వచ్చింది. కోడి గీతల్లా ఉన్నాయని నవ్వకు. నీకు అల్లం పచ్చడి పంపుతానని మీ అమ్మ సుగుణ రెండు రోజులుగా వంటింట్లో యుద్ధం చేస్తోంది.

స్కూల్లో పనిచేసిన చివరి నెల జీతంతో నువ్వు కొనిచ్చిన గడియారం చేతికే ఉంది. అలాంటిదే మీ భానుచందర్ బాబాయికీ కొన్నావు. సరే, అన్నదమ్ములం మాట్లాడుకోకపోయినా ఇద్దరికీ టైమ్ ఒకటే అనుకున్నాను. బోర్డు మీద ఎవరి పేరు ముందుండాలన్న కొట్లాటలో మన జంపఖానాల దుకాణం మధ్య ప్లైవుడ్ గోడ లేచింది కదా, అది అలాగే ఉంది. వాడు దగ్గితే నాకు వినబడుతుంది, నేను తుమ్మితే వాడికి. ఎవరి గల్లా మీద వాళ్లం కూర్చుంటాం.

గడియారం కంపెనీ యాప్ మా పాత ఫోన్లలో ఎక్కదని, ఎవరో బయటివాళ్లు చేసిన యాప్ పెట్టిపోయావు. రోజూ దుకాణం తీయగానే నువ్వు చెప్పినట్టే టైమ్ సరిచేయడానికి యాప్ తెరిచి, గడియారం బటన్ నొక్కి పట్టుకుంటున్నాను. ఒక్కోసారి ఫోన్ ‘గడియారం దొరకలేదు’ అంటుంది, గడియారమేమో టైమ్ సరిచేసుకున్నానంటుంది. ఇద్దరిలో ఎవరిని నమ్మాలో తెలియదు.

నువ్వు గడియారంలో పెట్టిన ‘బీపీ గోలి’ యాది రోజూ మోగుతోంది. ఈమధ్య మంగళ, శుక్రవారాల్లో ఇంకో ఇంగ్లిష్ మాట కూడా దాని అద్దం మీద పాకుతూ పోతోంది. డి, ఐ, ఎ, ఎల్, వై, చివర ఎస్. ఇదేం మందు? నాకు అక్కర్లేనిదైతే ఎలా చెరపాలో రాయి.

బాగా చదువు, వేళకు తిను.
నాన్న రాజేశ్వర్


వరంగల్,
శనివారం

ప్రియమైన బిడ్డకు,

నీ జవాబు రాకముందే మళ్లీ రాస్తున్నాను.

ఆ అక్షరాలు కాగితం మీద రాసుకుని మందుల షాపు కుమారస్వామికి చూపించాను. చూసి కళ్లద్దాలు తీశాడు. ‘ఇది మందు కాదు సేటూ. డయాలసిస్. కిడ్నీలు పనిచెయ్యనోళ్లకు మిషన్ మీద రక్తం కడుగుతరు. ఎవలికి?’ అన్నాడు. ఎవరికీ కాదని చెప్పి బయటపడ్డాను. చెప్పులు అక్కడే వదిలేసి దుకాణం దాకా వట్టి కాళ్లతో వచ్చానని తర్వాత చూసుకున్నాను.

నువ్వు హాస్టల్‌కు పోయేముందు నాకు రక్తపరీక్ష చేయించావు. కాగితం నాకు చూపించకుండా మడిచి బ్యాగులో పెట్టుకుని ‘అంతా మంచిగుంది నాన్నా’ అన్నావు. ఇప్పుడర్థమైంది. నా కిడ్నీలు పోయాయి. నోటితో చెప్పలేక నా గడియారంలో రాసిపెట్టావు. తండ్రి దగ్గర ఇంత దాపరికమా?

మీ అమ్మకు చెప్పలేదు. మీ హాస్టల్ ఆఫీసు ఫోన్‌కు చేసి అందరూ వింటుండగా అడగలేను. ఆ యాప్‌ను చూస్తేనే భయం వేసి ఫోన్ కట్టేసి బీరువాలో పడేశాను. గడియారం మాత్రం తీయబుద్ధి కాలేదు, నువ్వు కొన్నది.

చావంటే భయమా అంటే భయమే. కానీ ఇవాళ ప్లైవుడ్ అవతల మీ బాబాయి దగ్గుతుంటే ఇంకో సంగతి గుండెను పట్టుకుంది. నేను పోతే వాడు నా శవంతో మాట్లాడతాడు. నేను జవాబివ్వలేను. లేచి వాడి వాకిలి దాకా పోయి, వాడు తలెత్తేలోపు వెనక్కి వచ్చేశాను. పౌరుషం ఇంకా చావలేదు.

నిజం రాయి. నేను తట్టుకుంటాను.
నీ నాన్న


హైదరాబాద్,
మంగళవారం

ప్రియమైన నాన్నకు,

నీ రెండు ఉత్తరాలూ ఇవాళే కలిసి అందాయి. ముందు ఇది విను. నీకేమీ లేదు! నీ రిపోర్టు దీంతోనే పంపుతున్నాను, కుమారస్వామి అంకుల్‌కే చూపించు. ఆ రోజు బస్సు టైమ్ అయిపోతోందని బ్యాగులో కుక్కుకున్నానంతే.

నీ గడియారంలో నేను రాసింది బీపీ గోలి ఒక్కటే. రెండో మాట నేను రాయలేదు నాన్నా.

మరి ఎవరు రాశారు? ఆ యాప్ కంపెనీది కాదు కదా, ఎవరి గడియారమని అడగదు. నువ్వు బటన్ నొక్కినప్పుడు పక్కన ఏ ఫోన్లో ఆ యాప్ తెరిచి ఉంటే ఆ ఫోన్‌కే దొరుకుతుంది. ఆ ఫోన్లో ఏం రాస్తే అది నీ చేతికి వస్తుంది. వరంగల్ మొత్తంలో ఆ యాప్ నేను ఇంకొక్క ఫోన్లోనే పెట్టాను. ఆ ఫోన్ నీ ప్లైవుడ్ అవతల ఉంది.

బాబాయి తన కోసం రాసుకున్నది పొరపాటున నీ గడియారంలో పడింది. మొన్న ఎండల్లో కూడా ఆయన ఫుల్ చేతుల చొక్కా వేసుకుంటే నేను ఎగతాళి చేశాను. ఎంత గుడ్డిదాన్ని!

హాస్టల్ ఆఫీసు నుంచి చేస్తే నీ ఫోన్ కట్టేసి ఉంది. అమ్మకు చేయడానికి ధైర్యం చాలలేదు. కాజీపేట వస్తున్న నా స్నేహితురాలు సుభాషిణి చేతికి ఇది ఇస్తున్నాను. చదివిన నిమిషమే లే నాన్నా. బోర్డు మీద ఎవరి పేరైనా ఉండనీ.

కాళ్లు మొక్కుతూ,
లావణ్య


వరంగల్,
శుక్రవారం

ప్రియమైన లావణ్యకు,

దవాఖాన బెంచీ మీద కూర్చుని రాస్తున్నాను. లోపల మీ బాబాయిని మిషన్ మీద పెట్టారు. మీ కమల చిన్నమ్మ నా పక్కనే ఉంది.

సుభాషిణి ఉత్తరం ఇచ్చాక రెండుసార్లు చదివాను. నాకేమీ లేదన్న సంతోషం క్షణం కూడా నిలవలేదు. కొనడానికి వచ్చినవాళ్లను అలాగే వదిలి అవతలికి పోయాను. భాను జంపఖానాల దొంతి మీద కూర్చుని ఉన్నాడు. ‘తమ్మీ, చెయ్యి చూపెట్టు’ అన్నాను.

వాడు ఎడమ చేతి గుండీ విప్పాడు. మణికట్టు మీద నరం ఉబ్బి ఉంది. ముట్టుకుంటే వేలి కింద జివ్వుమంది. ‘మిషన్ సూదుల కోసమని నరం కలిపిండ్రు అన్నా. ఈ చేతికి గడియారం పెట్టొద్దన్నరు. అప్పటి సంది అది డబ్బల్నే ఉన్నది’ అన్నాడు.

గడియారమే పెట్టుకోనివాడు అందులో యాది ఎందుకు రాసుకుంటాడు?

‘మరి ఆ మాట ఎవలికోసం రాసినవ్‌రా?’

‘మిషన్ మీదికి పోయే దినం ఎవడన్న మర్చిపోతడా అన్నా? నీకే రాసిన. ఓనాడు యాప్ తెరిస్తే నీ గడియారం దొరికింది. బీపీ గోలి అని ఉంటే నీదే అని తెలిసింది. గోడ పెట్టిచ్చినోన్ని, నేనే ఒచ్చి ఎట్ల చెప్పాలె? నోరు లేస్తలేదు. గందుకే రాసి పంపిన.’

నేను వాడి పక్కనే దొంతి మీద కూర్చున్నాను. వాడు నా గడియారం వైపు చూస్తూ అన్నాడు, ‘ఇన్ని వారాలాయె. చదివి గూడ వస్తలేవనుకున్న.’

పొరపాటున పడిన మాట కాదు బిడ్డా. నన్ను పిలిచాడు. వారానికి రెండుసార్లు పిలిచాడు. నేనేమో ఆ పిలుపు చేతికి కట్టుకుని, నా చావుకు నేనే ఏడుస్తూ గోడకు ఇవతల కూర్చున్నాను. వాడిని పట్టుకుని ఎంత ఏడ్చానో, బేరానికి వచ్చినవాళ్లు చెప్పులు చేతబట్టుకుని వెళ్లిపోయారు.

నా కిడ్నీ పనికొస్తుందేమోనని డాక్టరును అడిగాను. బీపీ ఉందిగా, చూడాలన్నారు. చూడనీ. వడ్రంగిని రేపు రమ్మన్నాను, ప్లైవుడ్ తీసేస్తాడు.

గడియారంలో ఆ మాట ఎలా చెరపాలని అడిగాను కదా. చెప్పొద్దు. ఇవాళ పొద్దున అది మోగగానే భాను ప్లైవుడ్ అవతలినుంచి ‘అన్నా, పోదామా’ అన్నాడు.

నువ్వు నిశ్చింతగా పరీక్ష రాయి.
నాన్న, బాబాయి