నాన్న చేతి ముద్దే కావాలట!

అమ్మకి నమస్కారాలు.

నీ మోకాళ్ళ నొప్పి ఎలా ఉంది? నాన్నగారు బీపీ మాత్ర మరిచిపోకుండా వేసుకుంటున్నారా? ఇక్కడ అందరం కులాసా. నేనొక్కదాన్నే కుళ్ళుకుంటున్నాను. అదీ మీ అల్లుడుగారి మీద. ఈ రెండు గదుల ఇంట్లో ఆయన చెవిన పడకుండా ఫోన్‌లో ఏదీ మాట్లాడలేను, అందుకే కాగితం పట్టుకున్నాను.

మళ్ళీ ఆఫీసుకి వెళ్తున్నాను కదా. షోళింగనల్లూరులో ఈ మద్రాసు ఉక్కపోత, క్యాబ్ కోసం ఎదురుచూపులు, అన్నీ అలవాటయ్యాయి. ఆయనకేమో ఇంటి నుంచే పని. మధ్యాహ్నం చిన్నిని ఒళ్ళో కూర్చోబెట్టుకుని, తాను పెరుగన్నం తింటూ, మెత్తగా మెదిపి దాని నోట్లో ఇంత పెడతారు. గుటుక్కున మింగుతుందట. నేనొచ్చి రాగిజావ కాచి, చల్లార్చి, చెంచా దగ్గరికి తెస్తే పెదాలు బిగించి మొహం తిప్పేస్తుంది. మోసింది నేను, కన్నది నేను, ముద్ద మాత్రం ఆయన చేతిదే కావాలి!

పై ఇంటి ఓనరమ్మ, తాతల నాటి నుంచి మద్రాసులోనే ఉన్న తెలుగావిడ, మెట్ల మీద ఆపి మరీ అడిగింది. "ఏమ్మా, నాయన పెడితే బాగా తింటాదే, నువ్వు పెడితే ఏల తినదు?" ఒళ్ళు మండిపోయింది.

మొన్న శనివారం ఎంత బతిమాలినా నోరు తెరవలేదు. జావంతా నా నైటీ మీదే. పిల్లకి పెట్టందే తల్లి తినకూడదన్న నీ మాట నేనెప్పుడూ దాటలేదమ్మా. అది నిద్రపోయాకే కంచం ముందు కూర్చునేదాన్ని. ఆ రోజు మాత్రం ఆకలీ కోపమూ కలిసి, దాన్ని కిందకి దించేసి, కారం లేని ముద్దపప్పూ నెయ్యీ కలుపుకుని తినడం మొదలుపెట్టాను. చిన్ని పాక్కుంటూ వచ్చి నా మోకాలు పట్టుకుంది. నా నోటివంకే చూస్తోంది. నేను నమిలితే తనూ దవడలు ఆడిస్తోంది. అప్పుడు తట్టింది నాకు. పాపం, నేను తింటుండగా ఇది ఎప్పుడు చూసింది గనక! కాస్త మెదిపి వేలితో అందించాను. నోరు తెరిచింది. మళ్ళీ తెరిచింది.

ఆయన తన కంచం పట్టుకొచ్చి, "చిన్నీ, నాన్న దగ్గరికి రామ్మా" అని ముద్ద చూపించారు. అది తల కూడా తిప్పలేదు. ఆయన మొహం చిన్నబోయింది. జాలేసింది, అయినా మా పక్కన కూర్చోమని ఆయన్ని పిలవలేదు.

వెండి ఉగ్గుగిన్నె పంపమన్నాను కదా, ఇక వద్దులే. నెయ్యి మాత్రం పంపు, ఈసారి కాస్త ఎక్కువే. అమ్మమ్మకి, నాన్నగారికి నా దండాలు. మీ దీవెనలు నాకూ, నా చిన్నికీ కావాలి.

నీ కూతురు
సుజాత

ఆయన ఫోన్ చేసి నామీద చాడీలు చెబితే నమ్మకు. ఇప్పుడు కుళ్ళుకునే వంతు ఆయనది.