బావంచాల నూనె ఇక పంపకు

జహీరాబాద్

అమ్మా, నీ త్రివేణి ప్రాణానికి ఏం భయం లేదు, ముందు ఆ మాట విను. ఫోన్‌లో నీకు వినపడదని కార్డు రాస్తున్నాను, వదినతో చదివించుకో.

నా చేతి మీది బొల్లి మచ్చ గరుకెక్కి పెచ్చు కట్టింది కదా. బోనాలకు వచ్చినప్పుడు చూసి, "నూనె పని చేస్తున్నదే, ఇగ రంగు తిరుగుతది" అన్నావు. నేనూ సంబరంగా డాక్టరమ్మకు చూపించాను. ఆమె వేలితో తడిమి, "ఎండల కూసుంటవా?" అని అడిగింది. చిన్నప్పటి నుంచీ బావంచాల నూనె రాసుకుని రోజూ కూర్చుంటానని గొప్పగా చెప్పాను.

"గా నూనె రాసుకొని కూసున్న ఎండనే గిట్ల చేసింది. ఇప్పుడైతే క్యాన్సర్ గాదు, వదిలేస్తే కావచ్చు" అంది.

అక్కడికక్కడే చల్లటి మందుతో గడ్డకట్టించి పెచ్చు తీసేసింది.

నూనె సీసా ఇక పంపకు. కందిపప్పు అందింది. నాన్న మోకాలు ఎలా ఉంది? నీ మనవరాలు లాస్య మెడ మీద కూడా మచ్చ లేచిందని, నువ్వు రోజూ మిద్దె మీద ఎండలో కూర్చోబెడుతున్నావని వదిన చెప్పింది.

వదినా, అందరికీ నా నమస్కారాలు తర్వాత చెబుదువుగాని. చదవడం ఇక్కడే ఆపి, ముందు మిద్దెక్కి నీ బిడ్డను కిందికి తీసుకురా.