ఈసారి సాక్ష్యం చెప్పలేదు

సుశీలా,

నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది. ఉక్కు ప్లాంటులో చేరిన కొత్తలో పట్టుకున్న గుడాఖు మానేసి తొమ్మిది రోజులైంది. ఆ పొగాకు ముద్ద పళ్లకు రుద్దుకోకపోతే తల పగిలిపోతోంది. చాలా అలిసిపోయాను.

భిలాయి-3 ప్రార్థన మందిరంలో మూడుసార్లు లేచి "గుడాఖు నుంచి విడుదల దొరికింది" అని సాక్ష్యం చెప్పాను. మూడుసార్లూ గుడాఖు డబ్బీ జేబులోనే ఉంది. అందరూ హల్లెలూయా అంటుంటే, అది తెలిసిన నువ్వు తల దించుకునేదానివి.

ఇవాళ పాస్టరుగారు మళ్ళీ లేవమన్నారు.

"సాక్ష్యం ఏటి చెప్తానయ్యగారూ? రోజూ పొద్దున్నే దేవుణ్ణి అడుగుతన్నాను. ఆ పూటకి సరిపడా బలం ఇస్తన్నాడు. రేపటి సంగతి నాకు తెలీదు" అన్నాను.

ఎవరూ హల్లెలూయా అనలేదు. ఆడవాళ్ల వైపు, నువ్వు కూర్చునే చోటు చూశాను. ఇవాళైతే నువ్వు తలెత్తేదానివి.