మూడో పేజీ రెండుసార్లు

మాస్టారూ,

మీరు పోయి ఇవాళ్టికి ఏడాది. ఆన్‌లైన్ విజ్ఞాన సర్వస్వంలో ఎవరో మీ మీద ఒక వ్యాసం పెట్టారు. ఢిల్లీలో, మునిర్కా పేటలో నా గదిలో కూర్చుని చదివాను. మీ ఊరు, ఢిల్లీ రేడియోలో ముప్పై ఏళ్లు మీరు చదివిన తెలుగు వార్తలు, అన్నీ సరిగ్గానే ఉన్నాయి. చివర్లో మాత్రం, మతిమరుపు వల్ల ఆఖరి బులెటిన్‌లో మూడో పేజీని రెండుసార్లు చదివారని రాశారు.

ఒళ్లు మండింది. మతిమరుపా! ఆ రోజు వార్తలు అనువాదం చేసి కాగితాలు సర్దింది నేను. మూడో పేజీ రెండు కాపీలు పెట్టి, నాలుగోది బల్లమీదే వదిలేశాను. మీరు గొంతు తడబడకుండా అదే మళ్లీ చదివారు. బయటికొచ్చి ఆఫీసర్‌తో "తప్పు నాదే సార్" అన్నారు. నాతో మెల్లిగా "వదిలెయ్, కాకరకాయా" అన్నారు. రోజూ నా అన్నం డబ్బాలో అదే కూరని మీరు పెట్టిన పేరు. ఆ పేరు ఇంకెవరికీ తెలియదు. మిమ్మల్ని మళ్లీ మైకు ముందుకు పిలవలేదు.

వ్యాసంలో ఆ మాట తీసేశాను. "ఆధారం ఏది?" అని ఎడిటర్లు మళ్లీ పెట్టారు. మూడుసార్లు ఇదే గొడవ. చివరికి ఆ వ్యాసం కిందుండే చర్చా పేజీలో తప్పు నాదేనని నా పేరుతో రాశాను.

నిమిషంలో అది మాయమైంది. ఎవరు తీసేశారో పేరు లేదు. కారణం రాసేచోట మాత్రం ఇలా ఉంది: "తప్పు నాదే. వదిలెయ్, కాకరకాయా."

ఈసారి వదలను మాస్టారూ. మళ్లీ రాశాను, చూసుకోండి.