ఎవరి గుర్తూ లేని మంద

శోభక్కకు,

హైదరాబాద్‌లో మీ మ్యూజిక్ హాలు గోడకు తగిలించాల్సిన బొమ్మ ఈ శనివారానికి అందదు. ఇంకో వారం గడువు ఇవ్వండి. కారణం చెబుతాను.

నేను పంపిన బొమ్మ ఫొటో చూసి మీరు "మంది నిండుగ ఉన్నరు గాని ఊపు లేదు" అన్నారు. లోపం ఎక్కడుందో నాకు దొరకలేదు. కాన్వాసును కొత్తకోట దగ్గర మా ఊరికి తెచ్చి ఇంటి ముందు నిలబెట్టాను. మా బాపు గొర్రెలు కాస్తాడు. చాలాసేపు చూసి, "ఎర్ర గుర్తుయి, నీలం గుర్తుయి కలిసిపోయినయ్. ఎవలియి బిడ్డా గీ గొర్లు?" అన్నాడు.

మా వైపు ఎవరి గొర్రెలకు వాళ్లు వీపు మీద రంగు గుర్తు పెట్టుకుంటారు.

"గొర్లు కాదు బాపూ, పాటకు ఎగిరే మనుషులు. అవి లైట్ల రంగులు."

"లైటైతే ఒక్కని మీదనే ఆగుతదా?" అని నవ్వాడు.

నిజమే. గొర్రెలకు గుర్తు పెట్టినట్టే ఒక్కొక్కరికి ఒక్కో రంగు పంచేశాను. ఊళ్లో ఎవరు ఎదురైనా ముందు 'ఎవరి బిడ్డవు?' అంటారు. మీ హాల్లో నన్నెవరూ ఆ మాట అడగలేదు. పాట నడుస్తుంటే రంగు ఒకరి మీంచి ఇంకొకరి మీదికి జారిపోయేది. ఇప్పుడు అలాగే దిద్దుతున్నాను. మనుషులు కదులుతున్నారు.

బొమ్మతో పాటు బాపు కూడా వస్తానంటున్నాడు. "గొంగడితోని వస్తే తలుపు కాడ ఆపుతరా?" అని అడిగాడు. ఆపరని చెప్పేశాను. తలుపు దగ్గర ఉండేవాళ్లకు ఆ మాట మీరు చెప్పాలి.

మీ పెయింటరు