వింజామర పట్టిన మనిషి

అక్టోబర్ 3, షెఫీల్డ్

కోర్సులో భాగంగా ఫిల్మ్ సొసైటీలో చేయాల్సిన ప్లేస్‌మెంట్, మొదటి రోజు. సొసైటీ సెక్రటరీ గ్రాహమ్ నాకిచ్చిన పని: ఇరవై ఐదున షోకి పట్టుచీర కట్టుకుని గుమ్మంలో సమోసాలు పంచడం. సినిమా వందేళ్ల నాటి మూకీ. లండన్ స్టూడియోలో అట్టలతో కట్టిన ఇండియా. తెల్లదొర, పులి, ఒంటికి గోధుమరంగు పూసుకున్న ఇంగ్లిష్ రాకుమారి, ప్రేమ.

ఎం.ఏ. ఫిల్మ్ చదవడానికి వచ్చాను, కేటరింగ్‌కి కాదు. ఆ మాటే చెప్పాను.

అక్టోబర్ 6

మా వైపు మూకీలకి తెర పక్కన ఒకరు నిలబడి కథ చెప్పేవారని, ఆ పని నేను చేస్తానని అన్నాను. గ్రాహమ్‌కి నచ్చింది. తెర మీద మాటలు చూపించే టైటిల్ కార్డుల్లో ఉన్నది ఉన్నట్టు చదవాలట. చీర మాత్రం తప్పదన్నాడు. జీన్సే అన్నాను.

అక్టోబర్ 11

ఇంట్లో లాప్‌టాప్‌లో ప్రాక్టీస్. మా ల్యాండ్‌లేడీ పుష్పలీల ఆంటీ పక్కన చేరింది. ఆంటీది కరీంనగర్. చెవులు వినపడక ఏళ్లయింది. సీరియళ్లన్నీ పెదాలు చూసే అర్థం చేసుకుంటుంది. నా ఫోన్ గొడవలు కూడా, దొంగ.

రాకుమారి వెనక వింజామర ఊపే దాసి ఒకామె ఉంది. ఆ సినిమా మొత్తంలో రంగు పూసుకోని ఇండియన్ ఆమె ఒక్కతే. పెదాలు కదిలాయి. వెంటనే కార్డు పడింది: దేవీ, మీ ప్రియుడు వచ్చాడు.

ఆంటీ పకపకా నవ్వి, ఆమె అన్నది అది కాదంది. మళ్లీ మళ్లీ వెనక్కి పెట్టించింది. కాసేపటికి నవ్వు ఆగిపోయింది.

"గామె మన తెలుగామెనే బిడ్డా. చేతులు పడిపోతున్నాయమ్మా, ఇంకెంతసేపు అంటున్నది."

నాకు ఏడుపొచ్చింది. తర్వాత కోపమొచ్చింది. కోపం పోలేదు.

అక్టోబర్ 14

కార్డు బదులు ఆ దాసి మాటే చదువుతానని గ్రాహమ్‌కి చెప్పాను. ప్రూఫ్ ఏదన్నాడు. ఆంటీ అన్నాను. నవ్వాడు. హిస్టారికల్ యాక్యురసీ ముఖ్యమట. మరి ఆ గోధుమరంగు యాక్యురేటేనా అని అడిగాను. కార్డు దాటి ఒక్క మాట మాట్లాడినా ప్లేస్‌మెంట్ ఫెయిల్ చేస్తానన్నాడు. ఫెయిలైతే ఈ ఏడాది చదువు గంగలో కలిసినట్టే.

అక్టోబర్ 17

చెప్పి తీరతాను.

అక్టోబర్ 22

ఆంటీయే వద్దంటోంది. ఎప్పుడో పోయినామె కోసం నువ్వెందుకు ఆగమవుతావంటుంది. డాక్టర్ క్లినిక్‌లో పేరు పిలిచింది వినపడక, పొద్దంతా కూర్చుని తిరిగొచ్చిన సంగతి తనే చెప్పింది కదా, అది గుర్తు చేశాను.

సాయంత్రం చూస్తే నా జీన్స్ ఇస్త్రీ చేసి మంచం మీద పెట్టి ఉంది.

అక్టోబర్ 25

హాలు నిండింది. కార్డులన్నీ బుద్ధిగా చదివాను. తెర మీదికి ఆ దాసి వచ్చింది. పెదాలు కదిలాయి. ప్రియుడి కార్డు పడింది. చదవలేదు.

"చేతులు పడిపోతున్నాయమ్మా, ఇంకెంతసేపు."

ముందు తెలుగులో, తర్వాత ఇంగ్లిష్‌లో చెప్పాను. వెనక గ్రాహమ్ లేచి నిలబడ్డాడు. ఆ తర్వాత దొర పులిని చంపినా, రాకుమారిని ముద్దు పెట్టుకున్నా ఎవరికీ పట్టలేదు. అందరూ వెనకున్న ఆ చేతులనే చూశారు.

అక్టోబర్ 27

ఫెయిల్. అప్పీల్ చేస్తాను.

అక్టోబర్ 28

షాట్ తెగేముందు ఒక్క క్షణం ఆ దాసి చేతులు దించుతుంది. ఆంటీ అక్కడ పాజ్ నొక్కింది. ఆ చేతులు అలాగే ఉండాలని పొద్దున్నుంచి ఇద్దరం లాప్‌టాప్ ముట్టుకోలేదు.