443వ రాయి నుంచి

కొండదారి విడిది గది,
443వ రాయి దగ్గర,
ఫిబ్రవరి 9, ఆదివారం సాయంత్రం.

చిరంజీవి అబ్బాయికి,

అమ్మ ఆశీస్సులు. నేను క్షేమం. నా మోకాలు కూడా క్షేమమే, నువ్వు అడగకముందే చెబుతున్నాను. నువ్వూ పాపా కులాసాగా ఉన్నారని తలుస్తాను. ఈ వారం పాప నీ దగ్గర ఉండే వంతు. దాని పళ్ళ తీగ బిగించడానికి బుధవారం నాలుగింటికి డాక్టరు రమ్మన్నాడు. ఆలస్యం చేయకు.

ఇక అసలు సంగతి. నిన్న ఫోనులో ఎక్కడున్నావని నువ్వడిగితే బయట ఉన్నానన్నాను. అబద్ధం కాదు గాని పూర్తి నిజమూ కాదు. బస్సులో ఉన్నాను. నా పక్క సీట్లో మీ అత్తగారు ఉంది. "ఒకప్పటి అత్తగారు" అని దిద్దుతావని తెలుసు. మీ విడాకుల కాగితం నేను రెండుసార్లు చదివాను. అందులో విడిపోయిన వాళ్ళు మీరిద్దరే. మా ఇద్దరి పేర్లు ఎక్కడా లేవు.

ఫోనులో అయితే మధ్యలో పెట్టేస్తావు కాబట్టి ఉత్తరం రాస్తున్నాను.

పోయిన నెల వచ్చి నా నడక బూట్లు నీ కారు డిక్కీలో వేసుకుపోయావు. డెబ్బై ఒకటో ఏట తల్లి బూట్లు దాచేస్తే ఇంట్లో కూర్చుంటుందనుకున్నావు. మర్నాడే కొత్తవి కొన్నాను. రోజూ గంటసేపు డాబా మీద నడిచి వాటిని లొంగదీశాను. పాతవి నువ్వే ఉంచుకో.

తర్వాత జాలిపడి, అంత పట్టుదలైతే మిగిలిన ముప్పై ఏడు కిలోమీటర్లకూ ఒక గైడును పెడతాను, అతనితో వెళ్ళు అన్నావు. నీకు లెక్క తెలియక అన్న మాట అది. అందుకని మొదటి నుంచీ చెబుతాను.

పాపకు మూడేళ్ళప్పుడు డాక్టరు మా ఇద్దరినీ నడవమన్నాడు. పార్కులో గానుగెద్దులా తిరగడం తన వల్ల కాదని మీ అత్త మొండికేసింది. రేవు నుంచి ఆనకట్ట దాకా కొండల మీదుగా ఒక దారి ఉందనీ, కిలోమీటరుకో రాయి చొప్పున నాలుగు వందల ఎనభై రాళ్ళు పాతారనీ ఆవిడే ఎవరి దగ్గరో విని వచ్చింది. ఏడాదికి ఒకటి రెండు సార్లు, ఆవిడ కుట్టుపనికి సెలవు దొరికినప్పుడల్లా, ఆగిన చోటి నుంచి మొదలుపెట్టి నడిచాం. నియమాలు నేను పెట్టాను. ఇద్దరం చేయి పెట్టిన రాయే లెక్కకు వస్తుంది. ఒక్కరు నడిచింది నడక కాదు.

212వ రాయి దగ్గర ఆవిడకు జ్వరం వచ్చింది. మందు కోసం నేను ఒక్కదాన్నే మూడు కిలోమీటర్లు ముందుకు పోయి, తిరిగొచ్చాను. జ్వరం తగ్గాక అవే మూడూ ఇద్దరం కలిసి నడిచాం. మూడుసార్లు నడిచిన దారిని నా లెక్కల పుస్తకంలో ఒక్కసారే రాస్తుంటే ఆవిడ చూసింది.

"వదినా, పాపం అన్నయ్యగారు! ఊపిరి కూడా లెక్కపెట్టి పీల్చి ఉంటారు," అంది.

తూనికలు కొలతల శాఖలో ముప్పై ఒక్క ఏళ్ళు పనిచేశాను. తక్కువ తూగే రాళ్ళను ఎంత పెద్ద షావుకారు దగ్గరైనా లాక్కొచ్చాను. నువ్వు పంపే గైడు ఎంత బుద్ధిమంతుడైనా ఈ లెక్కలో పనికిరాడు. మీ గొడవ వల్ల రెండేళ్ళు ఆగిపోయాం. పోయిన నెల నేను ఫోను చేసి ముప్పై ఏడు మిగిలాయన్నాను. ఇంత ఆలస్యమెందుకని కూడా ఆవిడ అడగలేదు. ఏ రోజు బస్సు అని మాత్రం అడిగింది.

జనం నవ్వుతారన్నావు. మధ్యాహ్నం ఇక్కడి విడిది గుమాస్తా రిజిస్టరు రాస్తూ మీరిద్దరూ ఏమవుతారమ్మా అన్నాడు. మీ అత్త తలెత్తకుండా బూటు తాడు విప్పుకుంటూనే జవాబు చెప్పింది.

"వియ్యపురాళ్ళం బాబూ. పిల్లలు విడిపోయారు. మాకింకా తీరిక దొరకలేదు."

అతను నవ్వాడు. నవ్విన జనం ఇప్పటికి ఒక్కరు. ఆ ఒక్కరూ అడగకుండానే ఇంకో దుప్పటి తెచ్చి ఇచ్చాడు.

వెళ్తే పాపను నా దగ్గరికి పంపనన్నావు. అయినా బయలుదేరాను. రేపు పద్నాలుగు, ఎల్లుండి పదమూడు, బుధవారం పది. శనివారం ఉదయం పదింటికి పాప కోసం నీ గుమ్మం ముందు ఉంటాను. తలుపు తీయకపోతే మెట్ల మీద కూర్చుంటాను. దొంగ తూకాల కొట్ల ముందు అలా చాలాసార్లు కూర్చున్నాను. వాళ్ళెవరూ నాకంటే ఎక్కువసేపు ఆగలేకపోయారు.

వేళకు తిను. పాపను కసురుకోకు.

ఇట్లు,
నీ మేలు కోరే, నీ మాట వినని,
అమ్మ.

తాజా కలం: పైన రాసిందంతా నిజమే గాని, ఒకటి తక్కువ. "నా కాపురం కూల్చింది ఈ మనిషే" అని కోర్టు వరండాలో అందరి ముందూ మీ అత్త మీద వేలెత్తి చూపించావు. ఆవిడ కూల్చలేదు. సర్దుకుపొమ్మని కూతురి కాళ్ళావేళ్ళా పడింది. కోడలికి వేరే ఊళ్ళో ఉద్యోగం వచ్చినప్పుడు దాని సర్టిఫికెట్లు నీ బీరువాలో పెట్టి తాళం వేశావు. అది నా దగ్గరికి వచ్చి, "అత్తయ్యా, నేనేం చేయను?" అంది. నీ బీరువా రెండో తాళంచెవి నా దగ్గరుందని నువ్వు మరిచిపోయావు. కాగితాలు తీసి దాని చేతిలో పెట్టి, వెళ్ళమని చెప్పింది నేను. కూతురి నోట ఈ సంగతి విని కూడా, తల్లీకొడుకుల మధ్య చిచ్చు పెట్టడం ఇష్టం లేక, నువ్వు అన్న మాటలన్నీ ఆవిడ తల వంచుకుని పడింది. ఆ వరండాలో నేనూ ఉన్నాను. నోరు మెదపలేదు. నా జన్మలో తప్పుడు తూకానికి ముద్ర వేసింది ఆ ఒక్క రోజే. దాన్ని మోసుకుంటూ ఆవిడ పక్కన ఆఖరి రాయి దాకా నడవలేను. తాళం తీసింది నేను. అవసరమైతే మళ్ళీ తీస్తాను.